గురి గుట్టు గుండులోనే!

కొత్త ఎయిర్ రైఫిల్ ఇంటికొచ్చిన మొదటి వారమంతా పండగే. పెరట్లో అట్టపెట్టె పెట్టి, దానికి గుండ్రాల కాగితం అతికించి, అన్న తర్వాత తమ్ముడు, తమ్ముడి తర్వాత నాన్న వంతులేసుకుని కాలుస్తారు. రెండో వారానికి సందేహం మొదలవుతుంది. ఒకేచోట గురిపెట్టినా గుండ్లు తలో దిక్కుకీ పోతుంటాయి. 'నీ చెయ్యి వణుకుతోందిరా' అంటాడు తండ్రి. 'తుపాకీయే బాగోలేదు నాన్నా' అంటాడు కొడుకు. దుకాణానికి పట్టుకెళితే ఆయన సైటు మరలు నాలుగు తిప్పి పంపిస్తాడు. మళ్లీ అదే కథ. మూడు నెలలు తిరిగేసరికి రైఫిల్ అటకెక్కుతుంది. పిల్లాడి సరదా కూడా దాంతోపాటే!

ఈ పంచాయితీలో ఎవరూ అనుమానించని ముద్దాయి ఒకటుంది. చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. అదే పెల్లెట్. దుకాణంలో 'ఒక డబ్బా పెల్లెట్లు ఇవ్వండి' అని అడగడమే తప్ప, 'ఎంత బరువువి?' అని అడిగేవాళ్లు వందకు ఒకరు కూడా కనిపించరు. స్ప్రింగుతో పనిచేసే గాలి తుపాకీకి మాత్రం అసలు అడగాల్సిన ప్రశ్న అదే.

బరువు అనగానే నవ్వొస్తుంది. మనం ఎక్కువగా చూసే 4.5 మిల్లీమీటర్ల (పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అంటారు) పెల్లెట్లలో తేలికైనది అర గ్రాము కూడా ఉండదు. బరువైనవి కూడా చాలావరకు ముప్పావు గ్రాముకు చేరవు. పూర్వం కంసాలులు బంగారం తూయడానికి గురివింద గింజలు వాడేవారు కదా. పోటీల్లో వాడే 0.53 గ్రాముల పెల్లెట్ తూగేది నాలుగు గురివింద గింజల కన్నా కాస్త ఎక్కువ, అంతే. డబ్బాల మీద చాలాసార్లు గ్రాముల్లో కాకుండా గ్రెయిన్లలో రాస్తారు. ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు. అంటే 7 గ్రెయిన్లు 0.45 గ్రాములు, 8.2 గ్రెయిన్లు 0.53 గ్రాములు, 10.3 గ్రెయిన్లు 0.67 గ్రాములు. ఈ మూడు అంకెలూ గుర్తుంటే ఏ డబ్బానైనా చదివెయ్యొచ్చు.

ఇంత చిన్న తేడాకు అంత రాద్ధాంతం ఎందుకు? తుపాకీ కడుపులో ఏం జరుగుతుందో చూస్తేగానీ ఇది అర్థం కాదు.

సైకిల్ పంపు, ఇంజెక్షన్ సిరంజి

స్ప్రింగు రైఫిల్లో గాలి ముందుగా నింపి ఉండదు. చాలామంది పొరపడేది ఇక్కడే. బ్యారెల్‌ను కిందికి విరిచినప్పుడు లోపల బలమైన స్ప్రింగు నొక్కుకుని, దాని ముందున్న పిస్టన్ వెనక్కి వెళ్లి కొక్కేనికి తగులుకుంటుంది. అప్పటికి గాలి మామూలు గాలే. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి, సిలిండర్లోని ఆ కాస్త గాలినీ ఒక్కసారిగా పిండేస్తుంది. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగున వేడెక్కడం తెలిసిందే. ఇక్కడా అదే సూత్రం. కాకపోతే ఇదంతా సెకనులో వందోవంతు మాత్రం పట్టే వ్యవహారం కాబట్టి గాలి వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. పీడనం చదరపు అంగుళానికి వెయ్యి పౌన్లు దాటుతుంది. కారు టైరులో ఉండేది ముప్ఫై చిల్లర!

ఆ పీడనానికి ఎదురుగా నాళం నోట్లో కూర్చుని ఉంటుంది పెల్లెట్. అది ఎప్పుడు కదలాలి, ఎంత వేగంగా కదలాలి అనేది దాని బరువు మీద, బిగువు మీద ఆధారపడుతుంది. అంటే స్ప్రింగు రైఫిల్లో పెల్లెట్ కేవలం బయటికి పోయే వస్తువు కాదు. పిస్టన్ ఎక్కడ ఆగాలో, ఎంత మెత్తగా ఆగాలో నిర్ణయించేది కూడా అదే. యంత్రంలో ఒక భాగమన్నమాట. స్కూటర్‌కి బోల్టు వేసేటప్పుడు సైజు చూడకుండా వెయ్యం. దీనికి మాత్రం ఏదో ఒకటి వేసేస్తాం.

పెల్లెట్ మరీ తేలికైందనుకోండి. పీడనం పూర్తిగా పెరగకముందే అది జారుకుంటుంది. వెనకాల దూసుకొస్తున్న పిస్టన్‌కు ముందు ఆపే గాలి దిండు ఉండదు. తలుపు బిగుసుకుందని భుజంతో తోస్తుంటే అవతలివాళ్లు ఉన్నట్టుండి గడియ తీస్తే ఏమవుతుంది? ముందుకు పడి ముక్కు పగలగొట్టుకుంటాం. పిస్టన్ కూడా అంతే. సిలిండర్ చివర ఢీకొంటుంది. 'టంగ్' మని లోహపు చప్పుడొస్తుంది. భుజం జిల్లుమంటుంది. రోజూ ఇలా కొడుతుంటే పిస్టన్ ముందుండే సీలు చితికిపోతుంది, స్ప్రింగు వంకరపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది. పెల్లెట్ పెట్టకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కితే జరిగే నష్టానికి ఇది చిన్న తమ్ముడు. పిల్లలు సరదాకి ఖాళీ తుపాకీ 'ఠప్ ఠప్' మనిపించడం మొదటిరోజే మాన్పించాలి అనేది ఇందుకే.

సరే, బాగా బరువైంది వేస్తే? ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. బరువు పెల్లెట్ కదలడానికి మొరాయిస్తుంది. ఈలోగా పిస్టన్ గాలిని ఇంకా ఇంకా పిండుతుంది. ఇంజెక్షన్ సిరంజి మూతి వేలితో మూసి పిడి నొక్కి వదిలితే ఏమవుతుందో పిల్లలకి బాగా తెలుసు, పిడి వెనక్కి తన్నుకొస్తుంది. అచ్చంగా అలాగే పెల్లెట్ నాళంలో ఉండగానే పిస్టన్ గాలి మీద ఎగిరి వెనక్కి వస్తుంది. పిస్టన్ వెనక్కి రావడమంటే పెల్లెట్‌ను తోయాల్సిన పీడనం అర్ధంతరంగా పడిపోవడమే. స్ప్రింగు పడ్డ కష్టంలో కొంత వృథా. అందుకే 'బరువైన గుండు గట్టిగా తగులుతుంది' అన్న నమ్మకం స్ప్రింగు రైఫిల్ దగ్గర చాలావరకు చెల్లదు. తగలాల్సిన శక్తి నాళం దాటకముందే కొంత ఆవిరైపోతుంది.

అభినవ్ బింద్రా చేతిలోది వేరు

2008 ఆగస్టు 11న బీజింగ్‌లో అభినవ్ బింద్రా చివరి గుండుకు 10.8 కొట్టి మన దేశానికి వ్యక్తిగత విభాగంలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిపెట్టాడు. 2012లో లండన్‌లో అదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచాడు. ఆ రెండు పతకాల తర్వాత ఎన్ని ఇళ్లలో పిల్లలు ఎయిర్ రైఫిల్ కావాలని మారాం చేశారో చెప్పనక్కర్లేదు. ఆ ఆటలో పదో వలయం అంటే వలయం కూడా కాదు, అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ మందమే నాలుగున్నర మిల్లీమీటర్లు!

అయితే ఈనాటి పోటీ రైఫిళ్లు స్ప్రింగువి కావు. వాటి కింద చిన్న సిలిండర్లో ముందుగానే నింపిన గాలి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఒక కవాటం తెరుచుకుని కొలిచినట్టు కొంత గాలి వదులుతుంది. లోపల దూకే పిస్టన్ లేదు కాబట్టి కుదుపు దాదాపు ఉండదు. అలాంటి రకంలో పెల్లెట్ బరువు పెంచితే సాధారణంగా శక్తి కూడా కొంత పెరుగుతుంది. వాటి గురించి ఎవరో చెప్పిన మాట పట్టుకుని, ఇంట్లో స్ప్రింగు రైఫిల్‌కి బరువు పెల్లెట్లు కొనడం... పక్కింటాయన కళ్లజోడు మనం పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఒకప్పుడు పోటీల్లోనూ స్ప్రింగు రైఫిళ్లదే రాజ్యం. 1970లలో పేరు మోగిన జర్మన్ రైఫిల్ ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్‌లో, పేలినప్పుడు లోపలి యంత్రాంగమంతా పట్టాల మీద వెనక్కి జారే ఏర్పాటు ఉండేది. కుదుపు షూటర్ భుజానికి తెలియకూడదని అంత తిప్పలు. మన ఇంట్లో వాడే మామూలు రైఫిల్లో ఆ పట్టాలుండవు. మొదట వెనక్కి, పిస్టన్ ఆగేటప్పుడు ముందుకి, రెండు కుదుపులూ భుజమే భరించాలి. (ఈ రెండు వైపుల కుదుపు వల్లే మామూలు వేట తుపాకీకి పనికొచ్చే టెలిస్కోపు స్ప్రింగు రైఫిల్ మీద కొన్నాళ్లకే పాడవుతుంది. ఎయిర్ రైఫిల్ కోసం చేసినదే అడిగి కొనాలి.)

గురి తప్పడానికి అసలు కారణం ఈ కుదుపులో ఉంది. పెల్లెట్ నాళంలో ఉన్నంతసేపూ రైఫిల్ కదులుతూనే ఉంటుంది. తేలికది త్వరగా బయటపడుతుంది. బరువైనది ఆలస్యంగా బయటపడుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యోవంతు లెక్కలోదే అయినా, ఆలోగా నాళం మూతి కాస్త పక్కకు జరిగితే చాలు, పది మీటర్ల దూరంలో తేడా వేళ్లతో కొలిచేంత అవుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లాడి పట్టులో నిలకడ ఎలాగూ ఉండదు. దానికి బరువు పెల్లెట్ తోడైతే పాపం వాడేం చేస్తాడు?

కాస్త లెక్క

బడిలో చదివిన ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 10.6 జౌల్స్. తుపాకీ ఇచ్చే శక్తి ఏ పెల్లెట్‌కైనా అంతేననుకుంటే (నిజానికి బరువు పెరిగితే కొంత తగ్గుతుందని పైన చూశాం) 0.45 గ్రాములది 217 మీటర్ల వేగంతో, 0.67 గ్రాములది 178 మీటర్ల వేగంతో వెళ్తాయి. గాలి నిరోధం పక్కన పెడితే పది మీటర్లు పోయేసరికి మొదటిది 12 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. తేలికది 10, బరువుది 15. అంటే పెరట్లో పది మీటర్ల దూరానికి ఈ తేడా అంతా కలిపి అర సెంటీమీటరు. సైటు కాస్త తిప్పితే సరిపోతుంది. ముప్ఫై మీటర్లకి వెళ్తే మాత్రం దిగుడు తొమ్మిది రెట్లవుతుంది. అక్కడ బరువుది 14 సెంటీమీటర్లు దిగుతుంటే తేలికది 9 చిల్లర.

అలాగైతే తేలికదే మేలు కదా? అక్కడా ఒక మెలిక. పెల్లెట్ ఆకారం చూడండి... నడుము సన్నగా, వెనక భాగం బోలుగా పావడాలా విచ్చుకుని ఉంటుంది. బ్యాడ్మింటన్ కాక్ లాంటిదే. ముందు బరువు, వెనక గాలి పట్టు. అందుకే తలకిందులు కాకుండా తిన్నగా వెళుతుంది. ఆ గాలి పట్టే దాని వేగాన్నీ తినేస్తుంది. ఒకే వేగంతో విసిరితే ఖాళీ అగ్గిపెట్టె కన్నా రాయి దూరం పోతుంది. తేలిక పెల్లెట్ బయలుదేరేటప్పుడు హుషారుగా ఉన్నా దారిలో త్వరగా అలిసిపోతుంది. పక్కగాలికి తొందరగా లొంగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద మోసం రైఫిల్ డబ్బాల మీద ఉంటుంది. సెకనుకు 1200 అడుగులు, 1300 అడుగులు అని ఎర్ర అక్షరాల్లో రాస్తారు. అది చాలాసార్లు సీసం లేని మిశ్రమలోహపు అతి తేలిక పెల్లెట్లతో కొలిచిన వేగం. ఆ పెల్లెట్లు ఐదు గ్రెయిన్ల చిల్లరే తూగుతాయి. ధ్వని వేగం సెకనుకు సుమారు 1,120 అడుగులు. ఆ వేగం దరిదాపుల్లో ఎగిరే పెల్లెట్ చుట్టూ గాలి అల్లకల్లోలమై అది ఊగిపోతుంది. 'ఠాప్' మని చెవులు గింగురుమనే చప్పుడు తప్ప గురి ఉండదు. మామూలు సీసం పెల్లెట్ వేస్తే అదే రైఫిల్ బుద్ధిగా తక్కువ వేగంతో కాలుస్తుంది, మంచిగా తగులుతుంది. వేగం చూసి రైఫిల్ కొనడం అంటే స్పీడోమీటర్లో ఆఖరి అంకె చూసి బైకు కొన్నట్టే.

మరి ఎంత బరువు?

చిన్నపిల్లలు కూడా విరవగలిగే మెత్తని స్ప్రింగు రైఫిల్ అయితే 7 నుంచి 8.2 గ్రెయిన్ల లోపు, అంటే 0.45 నుంచి 0.53 గ్రాములు. పెద్దవాళ్లు రెండు చేతులూ వేసి విరవాల్సినంత గట్టిదైతే 8 నుంచి 8.7 గ్రెయిన్లు, అంటే 0.52 నుంచి 0.56 గ్రాములు. పది గ్రెయిన్లు దాటిన వాటిని స్ప్రింగు రైఫిల్ యజమానులు చూసి దుకాణంలోనే వదిలేసి రావడం ఉత్తమం. అవి ముందే గాలి నింపుకునే రకాల కోసం. ఆరు గ్రెయిన్ల లోపు మెరుపు పెల్లెట్లకూ అదే మాట.

5.5 మిల్లీమీటర్ల పెద్ద నాళమైతే సుమారు 12 నుంచి 16 గ్రెయిన్లు నప్పుతాయి. కానీ మన దేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేనివి 4.5 మిల్లీమీటర్లకు మించని నాళం, 20 జౌల్స్‌కు మించని శక్తి ఉన్న గాలి తుపాకులే. కాబట్టి ఇంటి అవసరానికి ఆ పెద్దదాని జోలికి పోకపోవడమే మంచిది.

తల ఆకారం గురించి కూడా ఒక మాట. గురి కాగితం మీద ఆటకు బల్లపరుపు తలవి కొనాలి. కాగితాన్ని పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రంగా కత్తిరిస్తాయి. ఎన్ని పాయింట్లో తగాదా ఉండదు. ఇరవై పాతిక మీటర్లు దాటితే గుండ్రటి తలవి నయం. సూదిమొన తలవి చూడ్డానికి భయంకరంగా ఉంటాయి కానీ ఆ మొన సరిగ్గా మధ్యలో ఉండటం అరుదు. పైసలు దండగ.

ఒకే బరువు రాసి ఉన్న రెండు కంపెనీల డబ్బాలు ఒకే రైఫిల్లో రెండు రకాలుగా కాలుస్తాయి. తల కొలత 4.49, 4.50, 4.51, 4.52 అంటూ వందోవంతు మిల్లీమీటర్లలో మారుతుంది. సీసం మెత్తదనం మారుతుంది. వేలితో నొక్కి పెట్టినప్పుడు పెల్లెట్ కాస్త బిగువుగా, అన్నిసార్లూ ఒకేలా కూర్చోవాలి. పుటుక్కున లోపలికి జారిపోయినా, గోరు నొప్పిపుట్టేలా తోయాల్సి వచ్చినా ఆ డబ్బా మీ రైఫిల్‌కి సంబంధం కుదరనట్టే. జాతకాలు ఎన్ని కలిసినా చివరికి ఇద్దరూ ఒకచోట ఉండి చూడాల్సిందే అన్నట్టు, తేల్చేది మాత్రం కాగితమే.

ఆ పరీక్ష కష్టమేం కాదు. ఏడు, ఎనిమిది, ఎనిమిదిన్నర గ్రెయిన్ల దరిదాపుల్లో మూడు రకాల చిన్న డబ్బాలు తెచ్చుకోవాలి. స్నేహితులు ముగ్గురు తలో డబ్బా కొని పంచుకుంటే ఇంకా చవక. పది మీటర్ల దూరంలో కాగితం పెట్టి, బల్ల మీద మడిచిన దుప్పటి వేసి, దాని మీద అరచెయ్యి, అరచేతిలో రైఫిల్ ముందుభాగం ఆనించాలి. ఇక్కడ పిల్లలు చేసే తప్పు రైఫిల్‌ను ఉడుంపట్టు పట్టడం. స్ప్రింగు రైఫిల్‌ను అలా పట్టకూడదు. నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు వదులుగా పట్టి, దాని ఊపు దాన్ని ఊగనివ్వాలి. ప్రతిసారీ ఒకేలా ఊగితే ప్రతిసారీ ఒకేచోట తగులుతుంది.

పెల్లెట్ మార్చినప్పుడల్లా మొదటి పది గుండ్లూ లెక్కలోకి తీసుకోకూడదు. నాళం గోడలకు పాత సీసం పోయి కొత్తది పట్టాలి. ఆ తర్వాత ఐదేసి చొప్పున రెండు మూడు కాగితాలు కొట్టాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే తెలుస్తుంది గానీ, పెల్లెట్ సంగతి ఒక్క గుండుతో తెలియదు. గుండ్లు నడి చుక్కలో పడ్డాయా లేదా అన్నది ఇప్పుడు అనవసరం. అన్నీ ఒకేచోట గుంపుగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. గుంపు ఎడమవైపు పై మూలన ఉన్నా సరే, తర్వాత సైటు తిప్పి మధ్యలోకి తెచ్చుకోవచ్చు. చెల్లాచెదురుగా పడితే ఏ సైటూ బాగుచేయలేదు. మామూలు రైఫిల్ అయినా నప్పిన పెల్లెట్‌తో ఐదు గుండ్లూ రూపాయి బిళ్ల కింద దాగాలి. చెవి కూడా సాక్ష్యం చెబుతుంది. నప్పినది పొట్టిగా, మందంగా 'థప్' అంటుంది. తేలికది లోహంలా మోగుతుంది. బరువుది భుజం మీద రెండుసార్లు తోసినట్టు సాగదీస్తుంది.

ఈ పరీక్ష రోజున తుపాకీలో నూనె ఉండకూడదు. 'స్పీడు పెరుగుతుంది' అని ఎవరో చెప్పారని సిలిండర్ రంధ్రంలో కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. నిజంగానే పెరుగుతుంది! డీజిల్ బస్సు ఇంజన్లో నిప్పురవ్వ లేకుండా కేవలం ఒత్తిడి వేడికే ఇంధనం అంటుకున్నట్టు ఆ నూనె భగ్గుమంటుంది. కాస్త పొగ, పెద్ద చప్పుడు, ఒక్కో గుండుకీ ఒక్కో వేగం. ఎయిర్‌గన్ల లోపలి పనితీరు మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి పుస్తకాలు రాసిన బ్రిటన్‌లోని కార్డ్యూ తండ్రీకొడుకులు స్ప్రింగు రైఫిల్‌ను ప్రాణవాయువు లేని నత్రజనిలో పేల్చి చూస్తే వేగం బాగా తగ్గిపోయింది. అంటే మామూలు రైఫిల్లో సైతం గ్రీజు ఆవిరి రవ్వంత మండుతూనే ఉంటుంది. దానికి మనం నూనె పోసి సాయం చేయనక్కర్లేదు. సీలు కాలిపోతుంది.

గోడకు అట్టపెట్టె చాలదు

మొదట్లో చెప్పిన పెరటి గోడ, దాని ముందు ఉత్త అట్టపెట్టె... అది పనికిరాదు. గట్టి గోడకో చెక్క పలకకో తగిలిన పెల్లెట్ తిరిగి కాల్చినవాడి మీదకే రావచ్చు. అట్టపెట్టె నిండా పాత పేపర్లు బిగించి కుక్కాలి. పది మీటర్ల నుంచి వచ్చే గుండును గట్టిగా కుక్కిన దినపత్రికల కట్ట మింగేస్తుంది. నడుమ గుల్లబారిన కొద్దీ కొత్త పేపర్లు పెట్టాలి. ఆదివారం సంచికలైతే ఇంకాస్త మందం కూడా! వెనకాల గోనెసంచిలో ఇసుక, పక్కల మనుషులు రాని చోటు, కాల్చేవారికీ చూసేవారికీ కళ్లజోడు. ఇవి లేకుండా మొదలెట్టకూడదు. పిట్టల మీదకు గురిపెట్టడం అసలే కుదరదు. చాలా పక్షులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. సరదా కాస్తా కేసవుతుంది.

పెల్లెట్లు సీసంవి. గబగబా నింపడానికి వీలని నాలుగు పెల్లెట్లు నోట్లో వేసుకుని నాలుక మీద నుంచి ఒక్కొక్కటి తీసే పిల్లలుంటారు. జాతరలో బుడగలు కాల్చే బండి దగ్గర ఎవరో చేయగా చూసి నేర్చుకుంటారు. సీసం పిల్లల మెదడుకు చెరుపు చేసే లోహం. ఆట అవగానే సబ్బుతో చేతులు కడిగాకే చిరుతిండి ముట్టుకోవాలి. పేపర్ల కట్టలో పోగైన సీసాన్ని చెత్తబుట్టలో పారబొయ్యకుండా మూతున్న డబ్బాలో దాచి పాత ఇనుప సామాను కొనేవాళ్లకి ఇవ్వొచ్చు.

ఇంట్లో మిల్లీగ్రాముల కాటా గానీ, తెలిసిన బంగారం కొట్టు గానీ ఉంటే ఒక వేడుక చేయొచ్చు. ఒకే డబ్బాలోంచి ఇరవై పెల్లెట్లు తీసి ఒక్కొక్కటీ తూచి రాయాలి. మంచి పోటీ పెల్లెట్లలో తేడా మూడో దశాంశంలో మెదులుతుంటుంది. చవకవాటిలో రెండో దశాంశమే తకధిమి ఆడుతుంది. కొన్నింటి పావడా అంచు నొక్కుకుపోయి ఉంటుంది. అలాంటివి పక్కన పెట్టి మిగిలినవి కాల్చి చూస్తే గుంపు దగ్గరపడటం ఆ పూటే తెలుస్తుంది. పిల్లలకిది లెక్కల పాఠం కూడా.

నప్పిన రకం దొరికాక డబ్బా మీది తయారీ సంఖ్య చూసుకోవాలి. అదే కంపెనీ, అదే బరువు, అదే పేరు ఉన్నా వేరే అచ్చులో పోసినవి వేరేలా కాలుస్తాయి. అందుకే పోటీలకెళ్లేవాళ్లు బాగా తగిలిన సంఖ్యవే నాలుగైదు డబ్బాలు ఒకేసారి తెచ్చిపెట్టుకుంటారు. ఇంట్లో అంత అక్కర్లేదు. మూత మీద మార్కర్‌తో రైఫిల్ పేరు, పెల్లెట్ బరువు, తల కొలత, ఐదు గుండ్ల గుంపు ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో రాసుకుంటే చాలు. డబ్బా అడుగంటినప్పుడు ఆ మూత జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లి, 'ఇవే కావాలి' అని చూపించాలి.